పద్నాలుగో మేకు, పదిహేనో మేకు

బిళ్ళ అంటే ఏమిటో మీకు తెలియకపోవచ్చు. మెడలో కార్డు చూపిస్తే తలుపు తెరుచుకునే ఉద్యోగాలు మీవి. మా కాలంలో గేటు దగ్గర ఒక చెక్క పలక, దాని నిండా మేకులు, మేకుకొక ఇత్తడి బిళ్ళ, బిళ్ళ మీద నంబరు ఉండేవి. లోపలికి వచ్చినవాడు తన బిళ్ళ తీసి లోపలి పలకకు తగిలించాలి. తగిలిస్తే వచ్చినట్టు, లేకపోతే రానట్టు. ఎండలో అంత దూరం సైకిలు తొక్కుకుంటూ వచ్చి, ఎనిమిది గంటలు యంత్రం ముందు నిలబడి పనిచేసినా, బిళ్ళ తగిలించడం మరిచిపోతే ఆ రోజు మనిషి లేనట్టే. దీని మీద నేను నాలుగు అర్జీలు పెట్టుకున్నాను. ఒక్కదానికీ జవాబు రాలేదు.

మూసాపేట దాటి బొంబాయి రోడ్డు మీద లింగంపల్లి వైపు పోతుంటే వచ్చేది మా కర్మాగారం. పేరు చెప్పను. చెబితే మళ్ళీ ఎవరో ఒకరు నా మీద ఫిర్యాదు రాస్తారు. నేను మదీనాగూడ పక్క పల్లెవాణ్ణి. ఐటిఐ చదివి ఫిట్టరుగా చేరాను. డెబ్భైల మొదట్లో మా షాపులోకి, అంటే మేం పనిచేసే షెడ్డులోకి, జర్మనీ నుంచి పెద్ద యంత్రాలు రావడం మొదలైంది. యంత్రంతోపాటు ఇటుకంత పుస్తకం వచ్చేది. దాన్ని చదవగలిగినవాడు మా షాపులో ఒక్కడూ లేడు. అందుకని పైవాళ్ళు ట్రైనింగు బ్లాకులో జర్మన్ క్లాసు పెట్టించారు. సోమ, బుధ, శుక్రవారాలు సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరింటి దాకా. బాగా నేర్చుకున్నవాళ్ళని షాపుకొకరి చొప్పున ఆరు నెలలు జర్మనీ పంపిస్తామన్నారు.

నేను పేరు ఇస్తానంటే మా ఫోర్‌మన్ నవ్వాడు. “మీ పల్లెలో జర్మన్ ఎవరితో మాట్లాడతావోయ్, బర్రెలతోనా?” అన్నాడు. షాపులో అందరి ముందూ అన్నాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ మాట మాత్రం ఇక్కడే ఉంది.

పేర్లు రాయించుకునే రోజు ట్రైనింగు బ్లాకు ముందు వరస కట్టాం. మా షాపు నుంచి ఇద్దరం. రెండోవాడు గోదావరి జిల్లా నుంచి వచ్చినవాడు, నాకంటే మూడేళ్ళు పెద్ద, నా యంత్రం మీదే నాకు ఎదురు షిఫ్టులో పనిచేసేవాడు. మిత్రుడు అని రాయాలి. ఆ మాట రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. వరసలో నేను ముందున్నాను. బల్ల వెనక కూర్చున్న మేడమ్ ఇంగ్లీషులో ఏదో అడుగుతోంది. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. వెనక్కి తిరిగి, “నువ్వు ముందు పో అన్నా, నువ్వేం చెప్తవో చూసి నేను చెప్త,” అన్నాను. ఆయన ముందుకు వెళ్ళాడు. ఆయనకి పద్నాలుగు నంబరు, నాకు పదిహేను వచ్చాయి. క్లాసుకు వేరే రేకు బిళ్ళలు ఇచ్చారు. గది గోడకి మళ్ళీ ఒక పలక, మళ్ళీ మేకులు.

మేడమ్ జర్మనీలో చాలాకాలం చదువుకుని వచ్చిన మనిషి. ఫ్లాస్కులో కాఫీ తెచ్చుకునేది. దాని మూతలోకి వంచుకుని తాగేది. పాఠం మధ్యలో, మా పదహారుమంది ఎదురుగా. ఒక్కనాడూ ఒక్కరినీ తాగుతారా అని అడగలేదు. కానీ చెప్పడం మాత్రం అలా చెప్పేవాళ్ళని నేను మళ్ళీ చూడలేదు. జర్మన్‌లో జరిగిపోయినదాన్ని చెప్పడానికి ఒకటి కాదు, చాలా దారులున్నాయి. నోటితో చెప్పుకునేందుకు ఒకటి, కాగితం మీద రాసేందుకు ఇంకొకటి, దానికంటే ముందే జరిగిపోయినదానికి మరొకటి. మనకి ‘చేశాను’ అంటే చాలు. వాళ్ళకి ఎప్పుడు చేశావు, ఎవరికి చెబుతున్నావు, ఇంకా దాని ఛాయ మిగిలి ఉందా అన్నదంతా కావాలి. నాకిది నచ్చింది. జరిగినదాన్ని అంత జాగ్రత్తగా పెట్టుకునే భాష నాలాంటివాడి కోసమే పుట్టిందనిపించింది.

చిక్కల్లా షిఫ్టుల దగ్గర వచ్చింది. వారం మొదటి షిఫ్టు, వారం రెండో షిఫ్టు. రెండో షిఫ్టులో ఉన్నవాడు సాయంత్రం క్లాసుకి రాలేడు. క్లాసు ఉన్న రోజులకి షిఫ్టు మార్చమని అర్జీ పెట్టాను. పనికంటే చదువు ముఖ్యమా అని ఫోర్‌మన్ దాన్ని పైకి పంపనే లేదు. ఇద్దరం ఎదురెదురు షిఫ్టులు కదా, ఏ వారమైనా ఒకడు ఖాళీగా ఉంటాడు. అందుకని ఒకడు విని రెండోవాడికి చెప్పుకుందాం అనుకున్నాం. విన్నవాడు తన బిళ్ళతోపాటు రెండోవాడి బిళ్ళ కూడా తగిలించేవాడు. హాజరు ముప్పాతిక ఉంటేనే పరీక్షకి రానిస్తారు మరి. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఇంకొకడి బిళ్ళ తగిలిస్తే ఉద్యోగం పోతుంది. క్లాసులో ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. మేడమ్ పాఠం అయ్యాక పలక వైపు చూసేది. పద్నాలుగో మేకు, పదిహేనో మేకు, బెంచీ మీద ఒకడే. చూసి, డస్టరు దులుపుకుని వెళ్ళిపోయేది.

మొదటి షిఫ్టు మూడింటికి దిగేది. రెండోది మూడున్నరకి ఎక్కేది. మధ్యలో యంత్రాలు తుడిచే అరగంట. ఆ అరగంట మా బడి. గేటు ఎదురుగా రేకుల కింద చాయ్ దుకాణం ఉండేది. దిగినవాడు చేతుల నూనె తుడుచుకుంటూ వచ్చేవాడు, ఎక్కబోయేవాడు టిఫిను డబ్బాతో వచ్చేవాడు. ఒకడు క్రియ విసిరితే రెండోవాడు దాని మూడు రూపాలూ అప్పజెప్పాలి. ట్రింకెన్ అంటే తాగడం. ట్రింకెన్, ట్రాంక్, గెట్రుంకెన్. తప్పు చెప్పినవాడు చాయ్ తాగించాలి. వినీ వినీ దుకాణంవాడికి కూడా వచ్చేసింది. “ట్రింకెన్ ట్రాంక్ అయిందా సేఠ్, ఇంకో రెండు పొయ్యాల్నా?” అనేవాడు. పరీక్ష పెడితే వాడూ పాసయ్యేవాడు.

ఆదివారాలు మా పల్లె వెనక గుట్టల మీదకి వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు మీరు పొద్దున్నే బస్సుల్లో బారులు తీరి పోతారే, ఆ హైటెక్ సిటీ వైపు, అప్పుడదంతా రాళ్ళు, సీతాఫలం పొదలు. బండమీద బండ ఎవరో పేర్చినట్టు ఉండేవి. ఆయన కింద బండ మీద, నేను పై బండ మీద కూర్చుని గొంతెత్తి చదివేవాళ్ళం. మేకలు కాసే ముసలామె మమ్మల్ని చూసి, పోరగాళ్ళకి ఏమైందో, దవాఖానకి తోల్కపోండ్రి అని మా అమ్మకి చెప్పిందట.

ఆయన మొదట నన్ను ‘మీరు’ అనేవాడు. గోదావరి జిల్లావాళ్ళకది అలవాటు. నాకు మాత్రం దూరం పెట్టినట్టుండేది. అది కూడా మనసులో రాసిపెట్టుకున్నాను. ఒకరోజు గుట్ట మీద, నాకు ఒక క్రియ పట్టుబడక పుస్తకం విసిరికొడితే, ఆయన దిగివెళ్ళి పుస్తకం తెచ్చి, దుమ్ము దులిపి, “చదువు తమ్ముడూ, నీకు వచ్చేదాకా నేను దిగను,” అన్నాడు. ఆ రోజు నుంచి నువ్వు, తమ్ముడు. నేను ఎలాగూ అన్నా అనే అంటున్నాను.

తర్వాత వాళ్ళ నాన్నకి జబ్బు చేసి ఆయన నెల పైన ఊళ్ళో ఉండిపోయాడు. జరిగిపోయిన కాలాలన్నీ ఆ నెలలోనే అయ్యాయి, నాకు ఆ నెలంతా మొదటి షిఫ్టే పడింది. తిరిగొచ్చాక ఆయనకి అవన్నీ నేనే నేర్పాను. ఒక్కచోట మాత్రం ఎన్నిసార్లు చెప్పినా జారిపోయేవాడు. వెళ్ళడం, రావడం లాంటి కదిలే క్రియలకి అక్కడ ‘ఇస్ట్’ అని ఒక తోక ఉంటుంది, మిగతావాటికి ఇంకొకటి. బ్లైబెన్ అంటే ఉండిపోవడం. కూర్చున్న చోటు నుంచి కదలదు గానీ కదిలేవాళ్ళ తోకే తగిలించుకుంటుంది. “ఇదెక్కడి న్యాయం తమ్ముడూ, ఉండిపోయినవాడికి వెళ్ళిపోయినవాడి తోకేంటి?” అని దెబ్బలాడేవాడు. న్యాయం గురించి నాతో దెబ్బలాడి గెలిచినవాడు లేడు. అయినా ఈ ఒక్కదాంట్లో ఆయనే గెలిచాడు. ఆ క్రియ మీద ఆయన నాకు తాగించిన చాయ్‌లు చాలా ఉన్నాయి.

ఆ తర్వాత వంతు నాది. ఏదో అత్యవసరమైన ఆర్డరు అని నన్ను రెండు నెలలు వరసగా రెండో షిఫ్టులో వేశారు. దాని మీద కూడా అర్జీ పెట్టాను. ఆ రెండు నెలల్లో మేడమ్ క్రియల ధోరణులు చెప్పింది. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పేది, ఆజ్ఞాపించేది, లేనిదాన్ని కోరుకునేది. ఆజ్ఞలు మాకు కొత్త కాదు, ఫోర్‌మన్ నోట్లో ఇంకో ధోరణి ఉండేది కాదు. మూడోది మాత్రం నాకు ఎక్కలేదు. లేనిదాని గురించి అంత పనిపెట్టుకుని మాట్లాడటం ఎందుకు అన్నాను. ఆయన ఓపిగ్గా, ఆ అరగంటల్లోనే, ఒక్కొక్క వాక్యం చెప్పాడు. తీరిక ఉంటే వచ్చేవాణ్ణి. డబ్బుంటే కొనేవాణ్ణి. నువ్వు అడిగి ఉంటే ఇచ్చేవాణ్ణి. రెండు నెలలు అలాంటివే చెప్పాడు. సగం భాష నా దగ్గర, సగం ఆయన దగ్గర ఉండేది.

పరీక్ష అయింది. పదిహేను రోజులకి నోటీసు బోర్డు మీద కాగితం పెట్టారు. మా షాపు నుంచి ఆయన పేరు, దాని కింద నా పేరు, పక్కన ‘రిజర్వు’ అని. మార్కులు ఇద్దరికీ సమానం.

ఇక్కడ నేను ఏం చేశానో ఉన్నది ఉన్నట్టు చెబుతాను. బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డాను. సమానమైతే ఆయన పైన ఎలా ఉన్నాడు? మా అసిస్టెంటు ఫోర్‌మన్‌ది ఆయన జిల్లానే. పండగలకి ఇద్దరూ ఒకే బస్సులో ఊరికి పోయేవాళ్ళని నాకు తెలుసు. బర్రెల మాట గుర్తొచ్చింది. ఇంటికి వెళ్ళి నాకు వచ్చిన పని చేశాను. అర్జీ రాశాను. పద్నాలుగో నంబరు అభ్యర్థి క్లాసులకి సగమే హాజరయ్యాడనీ, మిగతా సగం రోజులు అతని బిళ్ళను వేరొకరు తగిలించారనీ, ఆ వేరొకరు నేనేననీ, నిజం చెప్పడం నా ధర్మం కనుక చెబుతున్నాననీ రాశాను. మంచి కాగితం మీద, మంచి దస్తూరీతో. నా జీవితంలో జవాబు వచ్చిన మొదటి అర్జీ అదే.

మూడు రోజుల్లో ట్రైనింగు ఆఫీసరు ఇద్దరినీ పిలిపించాడు. ముందు నన్ను లోపలికి పిలిచాడు. నా అర్జీ ఆయన బల్ల మీద ఉంది. రెండుసార్లు చదివినట్టున్నాడు.

“అతని బిళ్ళ నువ్వు తగిలించావు. బాగుంది. నువ్వు రెండో షిఫ్టులో ఉన్న వారాల్లో నీ బిళ్ళ ఎవరు తగిలించారు?”

మీరు నమ్మరు. ఆ ప్రశ్న వస్తుందని నాకు తోచనే లేదు. నేను రాసినంతసేపూ నాకు జరిగిన అన్యాయమే కళ్ళ ముందు ఉంది. బయట నిలబడ్డ ఆయన్ని కూడా లోపలికి పిలిచి అదే అడిగారు. ఆయన నా వైపు చూసి, బల్ల మీద కాగితం వైపు చూసి, “ఇద్దరం తగిలించుకున్నామండి. నాది ఆయన, ఆయనది నేను,” అన్నాడు. తమ్ముడు కాదు, ఆయన.

బయటికొచ్చాక వరండాలో ఆగాడు. “నాతో ఒక్క మాట అని ఉంటే సరిపోయేది కదండీ,” అన్నాడు.

“నీ పేరు పైకి ఎట్ల పోయిందో నాకు ఎర్కే,” అన్నాను నేను.

“మార్కులు సమానమైతే రిజిస్టరు వరస చూస్తారంటండి. పద్నాలుగు, పదిహేను. ఆ వరసలో నన్ను ముందు నిలబెట్టింది మీరేగా.”

కోపంగా కూడా అనలేదు. సైకిలు తీసుకుని వెళ్ళిపోయాడు. అయినా ఆ పద్ధతి తప్పే. సమానం వచ్చినప్పుడు చీటీ తీయాలి. ఇప్పటికీ అదే అంటాను.

ఇద్దరి పేర్లూ కొట్టేశారు. మా షాపు వంతుకి ఇంకో షాపు నుంచి ఎవరో వెళ్ళారు. తెలిసి ఎందుకు ఊరుకున్నావని మేడమ్‌ని సంజాయిషీ అడిగారట. తెలిసే ఊరుకున్నానని ఆమె రాసిచ్చిందట. ఆ నెలాఖరుతో క్లాసు ఆగిపోయింది. చివరి రోజు నేను గదికి వెళ్ళేసరికి ఆమె ఒక్కతే ఉంది. పుస్తకాలు సంచిలో సర్దుకుంటోంది. నన్ను చూసి కూర్చోమంది. ఫ్లాస్కు తీసి మూతలోకి కాఫీ వంచి నా ముందు పెట్టింది.

“మీ ఇద్దరి పేపర్లలోనూ తప్పులు ఒకే చోట ఉన్నాయి,” అంది. “కాపీ కొట్టారని నేను అనుకోలేదు. ఒకరికొకరు అంత బాగా నేర్పుకున్నారని అనుకున్నాను.”

కాఫీ చల్లారిపోయి ఉంది. తాగాను.

ఏడాది తర్వాత కొత్త యంత్రం నిలబెట్టడానికి ఒక జర్మన్ ఇంజినీరు వచ్చాడు. మా వంతుకి జర్మనీ వెళ్ళొచ్చినాయన అప్పటికి వేరే చోటికి బదిలీ అయ్యాడు. మా షాపులో ఆ మాట అర్థమయ్యేవాళ్ళు ఇక మేమిద్దరమే. బర్రెల మాట అన్న ఫోర్‌మనే మా దగ్గరికి వచ్చి, కొంచెం చూడండయ్యా అన్నాడు. అదొక్కటే నాకు దక్కిన తృప్తి. మూడు వారాలు ఆ జర్మన్ ఆయనకి అటొకడు ఇటొకడు నిలబడ్డాం. నిన్న ఏం చేశారు, ఏ బోల్టు ఎప్పుడు బిగించారు అన్నది నేను అందుకునేవాణ్ణి. ఇలా చేసి ఉంటే, అలా చేయకపోతే అనేవి ఆయన అందుకునేవాడు. మాలో మేం తెలుగులో మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఏదైనా చెప్పుకోవలసి వస్తే ఆ జర్మన్ ఆయన ముఖం చూస్తూ జర్మన్‌లో చెప్పుకునేవాళ్ళం. మూడు వారాల్లో నేను ఆయనతో మాట్లాడిందంతా అలాగే.

వెళ్ళే ముందు రోజు ఆ ఇంజినీరు చాయ్ తాగుతూ, ఇంత వచ్చినవాళ్ళు మా దేశానికి ట్రైనింగుకి ఎందుకు రాలేదని అడిగాడు. ఇప్పుడు ఆయన నా అర్జీ సంగతి చెబుతాడు అనుకున్నాను. చెప్పే హక్కు ఆయనకి ఉంది. నేనైతే చెప్పేవాణ్ణి. ఆయన గ్లాసు కింద పెట్టి, పంపి ఉంటే వచ్చేవాళ్ళం అన్నాడు. అంతే అన్నాడు. ఒక్కడే వెళ్ళవలసిన చోటికి ఇద్దరినీ కలిపి అన్నాడు. ఆ వాక్యంలోని ప్రతి ముక్కా నాకు ఆ రేకుల కింద ఆయన నేర్పినదే. లేనిదాని గురించి అంత పనిపెట్టుకుని ఎందుకు మాట్లాడతారో అప్పుడు తెలిసింది. తెలిసి, తల వంచుకుని చాయ్ తాగాను. ఆ రోజు మాట్లాడి ఉండవలసింది.

తర్వాత కొన్నాళ్ళకి ఆయనకి విశాఖలో ఉద్యోగం వచ్చింది. సికింద్రాబాదు వెళ్ళి అక్కడ పెద్ద బండి ఎక్కాలి. లింగంపల్లిలో ప్యాసింజరు ఎక్కుతాడని చాయ్ దుకాణంవాడు చెప్పాడు. నాకు ఆ రోజు లింగంపల్లిలో పని ఉంది. నిజంగానే ఉంది. స్టేషనులోకి ఊరికే వెళ్ళాను. ప్లాట్‌ఫారం చివర వేపచెట్టు కింద నిలబడ్డాను. ఆయన ట్రంకు పెట్టె ఎక్కించి కిటికీ దగ్గర కూర్చున్నాడు. నన్ను చూశాడు. నేను కదల్లేదు. నా దగ్గరికి రావలసింది ఆయనా, ఆయన దగ్గరికి పోవలసింది నేనా అని ఆలోచిస్తున్నాను. ఇంతలో బండి కూత వేసింది.

ఆయన కిటికీ చువ్వల్లోంచి అరచేయి బయటపెట్టి, “బ్లైబెన్! చెప్పు తమ్ముడూ!” అన్నాడు.

మొదటి రెండు రూపాలూ నాలుక మీదకి వచ్చేశాయి. తోకతో సహా మొత్తం వచ్చింది. పెదవి కదపడమే మిగిలింది. బోర్డు ముందు నిలబడ్డవాడు, బర్రెల మాట విన్నవాడు, ఇంకా ఎవరెవరో లోపల అడ్డం నిలబడ్డారు. ముందు ఆయనే కదా ‘అండీ’ అన్నది అనుకున్నాను. బండి కదిలింది. ఆయన చేయి కాసేపు బయటే ఉంది. తర్వాత లోపలికి పోయింది.

నేను మదీనాగూడలోనే ఉంటాను. మా గుట్టలు కొట్టేశారు. రేకుల దుకాణం ఉన్నచోట చీరల షోరూము ఉంది. మా మేడ మీద కిరాయికి ఉండే అమ్మాయి కంప్యూటర్ ఉద్యోగం చేస్తుంది, జర్మనీకి పోవాలని ఫోనులో పాఠాలు వింటుంది. ఆమె చదువుతుంటే మెట్ల మీద కూర్చుని వింటాను. తప్పు చదివితే నేలమీద కర్రతో కొడతాను. మొదట్లో చిరాకుపడేది. ఇప్పుడు చాయ్ తెచ్చి ఇచ్చి, తాతా ఇది చెప్పండి అంటుంది. ఆమె క్లాసు ఎప్పుడూ ఎగ్గొట్టదు. ఎగ్గొట్టినా వినిపించేవాళ్ళు ఎవరూ లేరంటుంది. అందరూ ఎవరి ఫోనులో వాళ్ళు.

సాయంత్రాలు అప్పుడప్పుడు లింగంపల్లి స్టేషను దాకా వెళ్ళి లోకల్ బండ్లు చూసి వస్తాను. ఆయన ఎక్కడున్నాడో తెలియదు. ఉన్నాడో లేడో కూడా తెలియదు. ఒక్క ఉత్తరం రాసి ఉండవచ్చు ఆయన. నా విలాసం మారలేదు.

నా ఫిర్యాదులన్నిటిలోకీ పెద్దది ఇదే. ఆయన నాకు ఆ క్రియ రాక ఊరుకున్నాననుకుని వెళ్ళిపోయి ఉంటాడు. ఆయనకి దాన్ని నేర్పిందే నేను. బ్లైబెన్, బ్లీబ్, ఇస్ట్ గెబ్లీబెన్. అన్నా, నాకు వచ్చు.